ఓడలో వచ్చిన చొక్కాలు

ఆ వీధిలో మాస్టరు ఇల్లు ఏదని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి చూపించేవారు. ఆయన పాఠాలు చెప్పే మాస్టరు కాదు, గుడ్డ కత్తిరించే మాస్టరు. ఇంటి ముందు భాగమంతా కుట్టుమిషన్ల గది, వెనక రెండు గదుల్లో కాపురం. ఊళ్ళో పెద్ద బడికి యూనిఫారాలు కుట్టే పని ఆయన తండ్రి నాటినుంచీ ఆ ఇంటిదే. తండ్రి పోయాక కత్తెర కొడుకు చేతికి వచ్చింది, దానితోపాటు మాస్టరు అన్న పేరూ వచ్చింది. ఆయన అసలు పేరు భార్యకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆవిడ ఎలాగూ పేరు పెట్టి పిలవదు కాబట్టి అది ఉన్నా లేనట్టే.

సెలవుల చివర్లో ఆయన మెడలో టేపు వేసుకుని బడి వరండాలో కూర్చునేవాడు. పిల్లలు వరసలో వచ్చి నిలబడేవారు. భుజం, ఛాతీ, చెయ్యి, నడుము కొలిచి ఆయన పైకి చెబుతుంటే పక్కన కూర్చున్న చెల్లెలు రాసుకునేది. టేపు తగలగానే చక్కిలిగింతలతో మెలికలు తిరిగిపోయే పిల్లలను ఆయన మాటల్లో పెట్టేవాడు. బొద్దుగా ఉన్నవాడు వస్తే, నువ్వు తిన్నదంతా నా గుడ్డకే చేటురా నాయనా అనేవాడు. వాడితోపాటు వరసంతా నవ్వేది. పీలగా ఉన్న పిల్ల వస్తే మాత్రం ఏమీ అనేవాడు కాదు. ఏడాది తిరిగేలోగా ఒళ్ళు చేస్తుందిలే అన్నట్టు కొంచెం వదులుగా రాయించేవాడు.

ఆ చెల్లెలిని ఊరంతా కాజాలక్క అనేది. గుండీలు పట్టే కాజాలను ఆమె చేత్తో కుట్టేది. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి చాలాకాలమైనా ఆ ఇంట్లోకి రాలేదు. పిల్లలు గుండీలు పెట్టుకునేది వేళ్ళతో కాదు, కోపంతో. ఆ కోపానికి మా చెల్లి కాజా ఒక్కటే ఆగుతుంది అని మాస్టరు చెప్పేవాడు. పెళ్ళైన కొత్తలోనే ఆమె భర్త పోయాడు. పిల్లలు లేరు. ఒక పెట్టెతో అన్న ఇంటికి వచ్చేసింది. వదిన ఆ పెట్టె అందుకుని లోపల పెట్టి, ఇక ఇది నీ గది అని చూపించి, మరునాటినుంచి ఆమె లేకుండా ఒక్క పూట కూడా భోజనానికి కూర్చోలేదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు, మా ఇంట్లో అర్ధం కూడా కాదు, ముప్పాతిక అని పక్కింటివాళ్ళతో నవ్వుతూ చెప్పుకునేది. మాస్టరుకూ ఆవిడకూ కూడా పిల్లలు కలగలేదు. వరండాలో కొలతలు తీసిన పిల్లలందరూ తమవాళ్ళేనని ఆ ముగ్గురూ ఏనాడూ పైకి అనలేదు గానీ, అలాగే బతికారు.

పని రోజుల్లో మిషన్ల మీద మరి కొందరు ఆడవాళ్ళు కూర్చునేవారు. వాళ్ళలో ఒకమ్మాయి బాగా పొడుగు. మిషను కింద మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి తొక్కేది. ఆమెను పొడుగమ్మాయి అనేవారు. మాస్టరు గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తుంటే ఆ పిల్ల తన పని ఆపి మరీ చూసేది. చూస్తే చూడనీ, కళ్ళకు కూలి అడగడం లేదుగా అని మాస్టరు ఏమీ అనేవాడు కాదు.

ఒక ఏడాది, కొలతలకు ఇంకా వ్యవధి ఉండగానే, పెద్ద టీచరు స్వయంగా ఇంటికి వచ్చింది. ఆవిడ ఆ బడిలోనే చదువుకుని, ఆ బడికే పెద్దయింది. చిన్నప్పుడు తొడుక్కున్న స్కర్టులన్నీ మాస్టరు తండ్రి కుట్టినవే. వదిన టీ ఇచ్చింది. ఆవిడ కప్పు చేతిలో పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు. మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

బడి కమిటీ ఈసారి యూనిఫారాలు బయటి దేశంనుంచి తెప్పించాలని నిశ్చయించింది, అదీ ఆవిడ చెప్పవచ్చిన సంగతి. అక్కడ పెద్ద ఫ్యాక్టరీ ఉంది, ఓడలో వస్తాయి, తల్లిదండ్రులకు చవక పడుతుంది, ముడతలు పడని గుడ్డ, ప్యాకెట్లో పెట్టి సీలు వేసి ఇస్తారు. ఆవిడ ఇదంతా నేల చూస్తూ అప్పజెప్పినట్టు చెప్పింది. కమిటీలో చాలామంది అటే మొగ్గారని, తానూ కాదనలేకపోయానని చెప్పింది.

మాస్టరు అంతా విని ఒక్కటే అడిగాడు.

"మరి పిల్లలకి కొలతలెవరు తీస్తారమ్మా?"

"కొలతలు అక్కర్లేదంట మాస్టారూ. వయసు చెబితే చాలంట."

"అలాగా" అన్నాడాయన.

ఆవిడను వీధి గుమ్మందాకా సాగనంపి వచ్చాడు. వాదించలేదు, బతిమాలలేదు. ఆకాశం విరిగి మీద పడితే కేకలు వేసేవాళ్ళు కొందరు, దుమ్ము దులుపుకుని నిలబడేవాళ్ళు కొందరు. ఆయన రెండో రకం అని ఆరోజు అందరూ అనుకున్నారు. దులుపుకోలేదని, ఆ దుమ్మంతా లోపలికే పీల్చుకున్నాడని తర్వాత తెలిసింది.

పనివాళ్ళకు ఆయనే చెప్పాడు. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, ఎవరికి ఎక్కడ పని దొరకవచ్చో ఆలోచించి చెప్పాడు. పొడుగమ్మాయి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆమె కూర్చునే మిషను ఆమెకే ఇచ్చేశాడు. నీ కాళ్ళకు అలవాటుపడ్డ మిషను, ఇంకొకరెవరూ దీనిమీద ఇమడలేరులే అన్నాడు. ఆ పిల్ల తమ్ముణ్ణి తీసుకొచ్చి మిషను తోపుడుబండి మీద పెట్టించుకుని వెళ్ళింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

బడి తెరిచిన రోజు పిల్లలు కొత్త బట్టల్లో ఆ ఇంటి ముందునుంచే వెళ్ళారు. నీలం రంగు పాత నీలం కాదు, కొంచెం మెరిసే నీలం. కొందరి చేతులు వేళ్ళదాకా దిగి ఉన్నాయి. కొందరి ప్యాంట్లు చీలమండలకు పైన వేలాడుతున్నాయి. మాస్టరు గుమ్మంలో నిలబడి చూశాడు. ఒకరిద్దరు పిల్లలు చెయ్యి ఊపారు. ఆయన కూడా ఊపి, లోపలికి వచ్చి తలుపు ఒక రెక్క మూశాడు.

ఇళ్ళకు పరదాలు, దిండు గలీబులు, ఎవరివో ఒక జత చొక్కాలు అంటూ చిల్లర పని కొంత వచ్చేది. ఆయన అవి కత్తిరించేవాడు గానీ మాట్లాడేవాడు కాదు. మిషన్ల మీద దుప్పట్లు కప్పి ఉంచారు.

ఒకరోజు ఆయన లేనప్పుడు ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు వెన్ను పుట్టుకతోనే ఒక పక్కకు వంగి ఉండేది. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. ప్రతి ఏడాదీ మాస్టరు ఆ పిల్లకు రెండు పక్కలా విడివిడిగా కొలతలు తీసి, పల్లంగా ఉన్న భుజంలో లోపల ఏదో అమర్చి కుట్టించేవాడు. వేసుకుంటే తేడా చూపుకు ఆనేది కాదు. ఇప్పుడు ఆ పిల్ల ప్యాకెట్లోంచి తీసిన చొక్కాలో నిలబడితే కాలరు చెవి దగ్గరికి ఎక్కి, చొక్కా అంతా ఒక పక్కకు లాగేసినట్టు ఉంది. తల్లి సంచీ చంకలో దాచుకుని సిగ్గుపడుతూ నిలబడింది. తోటిపిల్లలు వెక్కిరిస్తున్నారని, వారం నుంచి బడికి పోనంటోందని చెప్పింది.  ఆ పిల్ల తన చెప్పులకేసి చూసుకుంటోంది.

కాజాలక్క ఆ చొక్కా విప్పించి, తన గదిలో మంచంమీద పరుచుకుని కుట్లు విప్పింది. అన్న కుట్టించిన పద్ధతి గుర్తు తెచ్చుకుని తోచినట్టు సరిచేసింది. అంత బాగా రాలేదు గానీ, పిల్ల తలెత్తుకుని వెళ్ళింది.

ఆ సంగతి నోటా నోటా పాకింది. తల్లులు ఒకరి తర్వాత ఒకరు వెనక గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టారు. చేతులు పొట్టి చెయ్యాలి, నడుము బిగించాలి, జేబు ఊడింది. కాజాలక్క ఎవరినీ కాదనలేదు. వదినకు తెలుసు. అన్నకు చెబుదామా వద్దా అని ఇద్దరూ ఊగిసలాడారు. చెప్పేలోగా ఆయనే చూశాడు.

ఒక మధ్యాహ్నం ఏదో పని మీద వెళ్ళి త్వరగా తిరిగివచ్చాడు. చెల్లెలి గదిలో మంచం నిండా మెరిసే నీలం బట్టలు పరిచి ఉన్నాయి.

"ఏంటిది చిట్టీ?"

చిన్నప్పటినుంచీ ఆయన ఆమెను చిట్టి అనే పిలిచేవాడు. ఆమె లేచి నిలబడింది.

"మన కడుపు మీద కొట్టినవాళ్ళ బట్టలకి మనింట్లో, మన సూదితో మరమ్మతులా? వాళ్ళ ఎంగిలి ఎత్తుతున్నావా?"

"వాళ్ళవి కాదన్నయ్యా. పిల్లలవి."

"పిల్లలకి ఇవి ఇచ్చిందెవరు? సరిగ్గా లేవని నలుగురికీ తెలిస్తేగా మళ్ళీ మన గుమ్మం తొక్కేది? నువ్వు సర్దిపెడితే ఇక వాళ్ళకి మనతో పనేముంది?"

 ఆ మాటలో నిజం ఉంది. ఆ పిల్ల చెప్పులకేసి చూసుకుంటూ నిలబడటం కూడా నిజమే. ఆ రెండింటినీ ఒక చోట కుట్టే దారం ఆమె దగ్గర లేదు. ఆమె మళ్ళీ కూర్చుని సూది చేతిలోకి తీసుకుంది. ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు చిల్లర పని కూడా పలచబడింది. ఊరి చివర ఒక గోడౌను ఉండేది. ఓడ దిగిన సరుకు లారీల్లో అక్కడికే వచ్చేది, బడి బట్టల మూటలు కూడా. మాస్టరు వెళ్ళి అందులో పనికి కుదిరాడు. ఇంట్లో ముందుగా ఎవరికీ చెప్పలేదు. మూటలు దించడం, విప్పడం, సైజుల ప్రకారం సర్దడం ఆ పని. ఎవరైనా సైజు సరిపోలేదని మార్చుకోవడానికి వస్తే ప్యాకెట్ మార్చి ఇవ్వడం కూడా ఆయన పనే.

అది విన్న రోజు కాజాలక్కకు ఒళ్ళు మండింది. అన్న ఇంకా ముందుగదిలోనే ఉండగా, ఆయనకు వినపడేలా వదినతో అంది.

"ముట్టుకుంటేనే ఎంగిలన్నారుగా వదినా. ఇప్పుడు నెత్తినెట్టుకుని మొయ్యడానికి వెళ్తున్నారా?"

అన్న లేచాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అంతే, ఆ రోజునుంచి అన్నాచెల్లెళ్ళకు మాటలు లేవు.

ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహం. ఆయన భోంచేసి లేచాక ఆమె కూర్చునేది. ఆయన గొంతు వినపడితే ఆమె పెరట్లోకి వెళ్ళేది. ఏదైనా అవసరం వస్తే, మీ ఆడపడుచుతో చెప్పు బల్బు మార్చాలని అని ఆయన, మీ ఆయనతో చెప్పండి మార్చేశానని అని ఈమె. ఇద్దరూ ఎదురెదురుగా ఉండగానే. మధ్యలో వదిన. నేనేమన్నా పోస్టాఫీసునా, కనీసం స్టాంపులైనా కొనండి అని ఆవిడ మొదట్లో నవ్వించడానికి చూసింది. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆవిడ కూడా నవ్వించడం మానేసి, చెప్పమన్న మాటలు చెప్పి ఊరుకునేది. ఒకసారి మాత్రం వంటింట్లో గిన్నె గట్టిగా కింద పెట్టి, మీ ఇద్దరూ ఒక్క కడుపున పుట్టారు, నేను బయటినుంచి వచ్చాను, మీ మధ్య మాట నా నోటినుంచి రావాలా అని అడిగింది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ తలలు వంచుకున్నారు. కానీ మొదటి మాట ఎవరాడాలన్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు.

ఈలోగా కాజాలక్కకు పని తగ్గలేదు సరికదా, పెరిగింది. ముందు తెలిసినవాళ్ళే వచ్చేవారు, తర్వాత ఊరి ఆ చివరినుంచీ ఈ చివరినుంచీ ముక్కూమొహం ఎరగనివాళ్ళు వచ్చేవారు. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరో అన్నారమ్మా అని దాటవేసేవారు. తన పనితనమే ఊరికి ఎక్కిందని ఆమె లోలోపల కొంచెం గర్వపడింది కూడా.

ఏడాది తిరిగి మళ్ళీ బడి తెరిచే రోజులు వచ్చాయి. వెన్ను వంగిన పిల్లను తీసుకుని ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈ ఏడాది పిల్ల బాగా ఎదిగింది. ఎదుగుదలతోపాటు వంపూ పెరిగింది. పోయినసారి చేసినట్టు చేస్తే కుదిరేలా లేదు. కాజాలక్క చొక్కాను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఆ తల్లి మొహమాటంగా అంది.

"కుదరకపోతే ఫర్వాలేదక్కా. ఆయనే అన్నారు, ఇది కష్టమే, అయినా ఒక్కసారి ఆవిడకి చూపించమని."

"ఎవరాయన?"

ఆవిడ నాలుక కరుచుకుంది. చెప్పొద్దన్నారక్కా అంది. కాజాలక్క చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఆవిడకేసి చూస్తూ ఊరుకుంది. ఆ చూపుకు ఆవిడ నిలవలేకపోయింది.

"మీ అన్నయ్యగారే. గోడౌనుకి సైజు మార్చుకోవడానికెళ్తే, ఏ సైజు ఇచ్చినా ఈ పిల్లకి లాభం లేదమ్మా, మా చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళు అన్నారు. అందరికీ అలాగే చెప్తారు. పోయినేడు నుంచీ చెప్తున్నారు. తన పేరు మాత్రం ఎత్తొద్దంటారు."

కాజాలక్క ఒళ్ళోని చొక్కా మడత పెట్టింది. ముక్కూమొహం ఎరగనివాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు. ఊరి ఆ చివరినుంచి సంచీ పట్టుకుని నడిచొచ్చిన ఒక్కొక్క తల్లి వెనకా అన్న నిలబడి ఉన్నాడు. పిల్ల కొలతలు తీసుకుని, రేపు రమ్మని వాళ్ళను పంపించింది. వదినతో కూడా ఈ సంగతి చెప్పలేదు.

మరునాడు పొద్దున మాస్టరు గోడౌనుకు బయలుదేరేముందు ముందుగదిలో కూర్చుని టీ తాగుతున్నాడు. కాజాలక్క ఆ చొక్కా తీసుకుని వెళ్ళి ఆయనకు ఎదురుగా నిలబడింది. వదిన వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"అన్నయ్యా, ఈ పిల్ల భుజంలో దూది పెట్టనా, గుడ్డే మడతేసి పెట్టనా?"

ఆయన చేతిలో కప్పు కదల్లేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. 

"గుడ్డే పెట్టు" అన్నాడు. "దూదైతే ఉతికినప్పుడు ఉండ కట్టేస్తుంది." కప్పు కింద పెట్టి, "ఇటు తే. నడుము దగ్గర కూడా తియ్యాలి, చిట్టీ" అన్నాడు.

ఆ రోజు గోడౌనుకు ఆలస్యంగా వెళ్ళాడు.

ఎంగిలి మాట ఆమె ఎత్తలేదు. మొయ్యడం మాట ఆయనా ఎత్తలేదు. కొన్ని గాయాలు కెలక్కుండా వదిలేస్తేనే మానుతాయి. సాయంత్రాలు పని నుంచి వచ్చాక ఆయన కిటికీ పక్కన కూర్చుని, చెల్లెలు సరిచెయ్యాల్సిన బట్టల కుట్లు విప్పి ఇచ్చేవాడు. మిషన్ల మీది దుప్పట్లు రెండు తీశారు. వదిన అటూ ఇటూ తిరుగుతూ, ఇప్పుడు నాకు తోచడం లేదు, మీరిద్దరూ రోజుకొక్కసారైనా పోట్లాడుకోండి అనేది. ఈసారి ముగ్గురూ నవ్వారు.

ఒక సాయంత్రం ఆయన ఒక కాలరు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు. కుట్టును వేలితో తడిమి చూశాడు.

"ఎవరోగానీ నీటుగానే కుట్టింది చిట్టీ. తప్పు పట్టడానికి లేదు. అక్కడా ఇలాగే ఏదో ఒక మిషను ముందు మన పొడుగమ్మాయిలాంటి పిల్లే కూర్చునుంటుంది. దానికి మన పిల్లలెవరో తెలీదు, అంతేగా."

ఆ తర్వాత ఆయన నోట ఆ బట్టల మీద చెడ్డమాట రాలేదు.

ఆ వానాకాలంలోనే, గోడౌనులో పని మధ్యలో, కొంచెం నీళ్ళివ్వండని అడిగి మూట మీద కూర్చున్నాడట. నీళ్ళు తెచ్చేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు. ఆసుపత్రిదాకా కూడా వెళ్ళలేదు. గోడౌను మనుషులే బండిలో ఇంటికి తీసుకొచ్చారు. ఊళ్ళో చాలామంది వచ్చారు. వాళ్ళలో సగంమంది ఒకప్పుడు ఆయన ముందు చేతులు చాచి నిలబడి కొలతలిచ్చినవాళ్ళే. పెద్ద టీచరు వచ్చి ఒక మూల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. పొడుగమ్మాయి చివరిదాకా ఉండి, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చింది. వదిన ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. కాజాలక్క ఆమెను పట్టుకుని కూర్చుంది. తన కంట మాత్రం చుక్క రాలలేదు. రాయిలా ఉందమ్మా అని ఎవరో అన్నారు కూడా.

ఆ ఏడాది ఓడ ఎక్కడో ఆగిపోయింది. ఏడాది మధ్యలో బడిలో చేరిన పిల్లలకు యూనిఫారాలే లేవు. చినిగితే మార్చుకోవడానికి జత లేదు. సగం తరగతి ఒక రంగు, సగం తరగతి ఇంట్లో ఉన్న ఏదో ఒక రంగు. తల్లిదండ్రుల మీటింగులో గొడవైంది. ఒక తండ్రి లేచి, ఓడ ఎప్పుడొస్తుందో సముద్రాన్ని అడగాలా, వీధి చివర మన మాస్టరుంటే ఇలా జరిగేదా అన్నాడట. వెన్ను వంగిన పిల్ల తల్లి ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. ఆవిడ కూడా లేచి తన కూతురి సంగతి చెప్పిందట. చెబుతూ మధ్యలో మాట పడిపోయి కూర్చుండిపోయిందట. ఇకమీదట బడి బట్టలు ఊళ్ళోనే కుట్టించాలని అందరూ ఒక్కమాట మీద నిలిచారు.

పెద్ద టీచరు ఆ సంగతి చెప్పడానికి మాస్టరు ఇంటికి వచ్చింది. కాజాలక్క, వదిన ముందుగదిలో ఉన్నారు. ఈసారి ఆవిడ నేల చూడకుండా, తలెత్తి, సంతోషంగానే చెప్పింది. చెప్పాక ఎవరూ పలకకపోయేసరికి ఆ సంతోషం ఆవిడ మొహం మీదే ఆరిపోయింది.

"పని మీకే ఇవ్వాలని అందరూ అన్నారమ్మా. మీరు ఊఁ అంటే చాలు."

కాజాలక్క నెమ్మదిగా చెప్పింది. "ఇక్కడ కత్తిరించే చెయ్యి లేదమ్మా ఇప్పుడు. నేను కాజాలు కుట్టేదాన్ని, నాలుగు మరమ్మతులు చేసేదాన్ని. బడి మొత్తానికి కత్తెర పట్టడం నా వల్ల కాదు."

"ఎవర్నైనా పెట్టుకుంటే?"

"పెట్టుకుని, ఇది మాస్టరు ఇల్లని చెప్పమంటారా?"

టీచరు కళ్ళు తుడుచుకుంది. నేను ఇంకొంచెం ముందు రావలసిందమ్మా అంది. దానికి వదిన లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, అవునమ్మా, వస్తే ఆయన చూసేవారు అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

పొడుగమ్మాయి అప్పటికే మార్కెట్ వెనక సందులో చిన్న కుట్టుగది పెట్టుకుంది. మాస్టరు ఇచ్చిన మిషనుకు మరొకటి తోడు చేర్చుకుంది. కాజాలక్క ఆమె సంగతి చెప్పింది. ఆ పిల్లకు కత్తిరించడం వచ్చు, మా అన్నయ్య చెయ్యి చూసి నేర్చుకుంది, ఆమెకివ్వండి అంది. టీచరు వెళ్ళాక ఆమె తానే ఆ సందులోకి వెళ్ళి, నాకు నీ దగ్గర పని ఇస్తావా అని పొడుగమ్మాయిని అడిగింది. ఆ పిల్ల లేచి నిలబడిపోయి, నేనివ్వడమేంటక్కా అని చేతులు పట్టుకుంది.

కత్తిరించే బల్ల కూడా అక్కడికే ఇద్దామనుకున్నారు. అది తండ్రి కాలంలో గదిలోనే చేయించిన బల్ల. ఏ తలుపులోంచీ బయటికి రాలేదు. నిలువుగా తిప్పారు, పడుకోబెట్టారు, కాళ్ళు ఊడదీశారు. చివరికి వడ్రంగి, మధ్యకు కోస్తే తప్ప లాభం లేదన్నాడు. వదిన ఒక చివర పట్టుకుంది, కాజాలక్క ఒక చివర పట్టుకుంది. రంపం ఆడుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒక సగం కాళ్ళతో సహా పొడుగమ్మాయి గదికి వెళ్ళింది. రెండో సగానికి కాళ్ళు లేవు. గోడకు చేరవేసి ఉంచారు.

సెలవుల చివర్లో బడి వరండాలో పిల్లలకు కొలతలు తీసింది పొడుగమ్మాయి. కాజాలక్క పక్కన కూర్చుని రాసుకుంది. పిల్లలకు కొత్త. వరసలో నెట్టుకున్నారు, కిచకిచలాడారు. కొలిచే మనిషి ఏదైనా అంటుందేమోనని ఒకరిద్దరు మొహాలు చూశారు గానీ, ఆ అమ్మాయికి మాటలు రావు, అంకెలే వచ్చు. పని బాగానే సాగింది. సందులో రెండు మిషన్లు నాలుగయ్యాయి. పాత ఆడవాళ్ళలో ఇద్దరు తిరిగివచ్చారు. కాజాలక్క పొద్దున వెళ్ళి, వెలుతురున్నంతసేపూ కుట్టి, కూలికి పనిచేసే మనిషిలాగే ఇంటికి తిరిగివచ్చేది. పొడుగమ్మాయి ఏదైనా సలహా అడిగితే చెప్పేది. అడగకపోతే చెప్పేది కాదు.

బడి తెరిచే ముందురోజు ఆఖరి కట్ట ఇస్త్రీ చేసి పంపించేశారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లో పీట మీద కూర్చుంది. వదిన పొయ్యి ముందు ఉంది.

"అయిపోయిందా?" అని అడిగింది వదిన.

"అయిపోయింది."

"బాగా వచ్చాయా?"

"బాగానే వచ్చాయి వదినా. ఎవరైనా చూస్తే అన్నయ్యే కత్తిరించాడనుకుంటారు."

 ఆయన పోయిననాటినుంచీ ఆమె ఏడవలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన ఊరుకోమనలేదు. పొయ్యి ఆర్పి, వచ్చి పక్కన నేలమీద కూర్చుని, ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. గిన్నె చల్లారిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.